దువ్విన గీతలు

ఫిబ్రవరి 3, మంగళవారం

మరదలికి జ్వరం తగ్గింది. నాలుగు రోజులు మంచం దిగని మనిషి ఐదో రోజు పొద్దున్నే లేచి షూ లేసులు కట్టుకుంటోంది. మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఇంకో రెండ్రోజులు ఆగవే చిన్నీ, ట్రాక్ ఎక్కడికీ పారిపోదు," అంది. "ట్రాక్ పారిపోదక్కా, తారీకు పారిపోతుంది," అంది చెల్లెలు. ఇద్దరూ కలిసి నా వైపు చూశారు. ఈ ఇంట్లో ఎవరు ఎంత పరిగెత్తాలో, ఎవరి గుండె ఎంత కొట్టుకోవాలో తేల్చేది నేనే కదా. పన్నెండేళ్లుగా క్లబ్బులో చేస్తున్న ఉద్యోగమే అది.

గుండె వేగం కొలిచే బెల్టు కట్టుకుని, నెమ్మదిగా అరగంట పరిగెత్తి రమ్మన్నాను.

ఎంపిక పోటీ ఇరవై ఎనిమిదిన. పదిహేను వందల మీటర్లు. మొదటి ఇద్దరికే జట్టు క్యాంపులో చోటు. నిరుడు మరదలు మూడో స్థానంలో వచ్చింది. అంతకుముందు ఏడు మడమ దెబ్బతింది. ఇప్పుడు ఇరవై ఏడేళ్లు. "వచ్చే ఏడు" అనే మాట ఈ ఇంట్లో ఎవరమూ అనం.

ఫిబ్రవరి 4, బుధవారం

పొద్దున లేవగానే నాడి 58. జ్వరానికి ముందు 46 ఉండేది.

జ్వరం పడి లేచిన మనిషికి ఆ మాత్రం ఉంటుంది.

ఫిబ్రవరి 5, గురువారం

నా గది గ్యాలరీ మెట్ల కింద. కిటికీ నేలమట్టంగా ఉంటుంది కాబట్టి రోజంతా నాకు కనిపించేవి కాళ్లే. మొహం చూడకుండా, కాళ్లను బట్టి ఎవరొస్తున్నారో చెప్పగలను. మరదలి ఎడమ పాదం కొంచెం లోపలికి తిరుగుతుంది. ఇవాళ ఆ పాదం రోజుకన్నా ఆలస్యంగా లేస్తున్నట్టు అనిపించింది. అనిపించడాలకి, నేను రోజూ గోడకి అంటించే కాగితంలో గడి లేదు.

కోచ్ వచ్చాడు. ఈ మనిషి ఈల మెళ్లో వేసుకునే పుట్టి ఉంటాడు. "ఏం శకునపక్షీ, ఇవాళ ఎవరి నోట్లో మట్టి కొడుతున్నావు?" అన్నాడు. నవ్వాను. నవ్వకపోతే ఇంకో రెండంటాడు.

నిరుడు మా కుర్రాళ్లలో ఒక పొడుగోడికి గుండె గీత చూసి ఎర్ర గుర్తు పెట్టింది నేనే. ఎర్ర గుర్తు పడితే క్లబ్బు డాక్టరు సంతకం పెట్టేదాకా ట్రాక్ మీద కాలు పెట్టకూడదు. ఆయన వచ్చేదే మంగళవారాలు. ఆయన పెద్దాసుపత్రికి రాస్తాడు, పెద్దాసుపత్రి వాళ్లు ఇంకో యంత్రం ఉన్నచోటికి రాస్తారు. మూడు వారాలు తిరిగాక పొడుగోడికి ఏమీ లేదన్నారు. ఈలోగా పోటీ అయిపోయింది, వాడి వయసు దాటిపోయింది. మొన్న బజార్లో కనిపించాడు, ఫర్నిచర్ కొట్లో బీరువాలు మోస్తున్నాడు. నన్ను చూసి రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్లిపోయాడు.

అప్పటినుంచి నేను శకునపక్షిని. పన్నెండేళ్లలో కొన్ని వేల పచ్చ గుర్తులు పెట్టాను. వాటికి మాత్రం ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

మరదలి బెల్టుకి పిచ్చెక్కింది. పరుగు మొదలెట్టిన ఇరవై రెండో నిమిషంలో గుండె వేగం 164 నుంచి ఒక్కసారిగా 228కి ఎగిరింది. పదకొండు సెకన్లు అక్కడే ఉంది. మళ్లీ 164.

ఛాతీకి కట్టుకునే ఈ బెల్టులు చెమట పట్టేదాకా సరిగ్గా పనిచేయవు. చొక్కా రాసుకున్నా, పట్టీ వదులైనా అంకెలు గంతులేస్తాయి. ఆ గంతుల్ని తీసేసి, అటూ ఇటూ ఉన్న అంకెలతో గీతని కలిపేయాలి. నాకు పని నేర్పిన ముసలాయన దీన్ని దువ్వడం అనేవాడు. "జుట్టు రేగిన పిల్లని అలాగే బడికి పంపుతామా? దువ్వి పంపుతాం," అనేవాడు. చెప్పుకోకూడదు గానీ, నా అంత నున్నగా దువ్వేవాడు ఈ క్లబ్బులో లేడు. అసలు రికార్డు నా కంప్యూటర్లోనే ఉంటుంది. కోచ్‌కీ డాక్టరుకీ వెళ్లేది దువ్విన గీతే.

ఇరవై రెండో నిమిషానికి చెమట పట్టకుండా ఎలా ఉంటుంది అంటే, పొద్దున చలిగా ఉంది.

పరుగయ్యాక ప్రతి ఒక్కరూ ఎంత కష్టమనిపించిందో పదికి ఒక మార్కు చెప్పాలి. మరదలు ఐదంది.

"ఐదేనా? మొహం చూస్తే ఎనిమిదిలా ఉందే," అన్నాను.

"మొహం మా నాన్నది బావా, దాన్నేం చేయలేం. మార్కు మాత్రం నాది. ఐదు రాయి."

ఐదు రాశాను.

ఫిబ్రవరి 9, సోమవారం

పొద్దుటి నాడి 59, 58, 60, ఇవాళ 59. కాగితంలో ఆమె గడి పసుపు రంగుకి తిరిగింది. కంప్యూటర్ తప్పేం లేదు. అది ఎవరి నాడినైనా వాళ్ల పాత నాలుగు వారాల సగటుతోనే పోలుస్తుంది. ఆ సగటేమో జ్వరానికి ముందుది. జ్వరానికి ముందు మనిషి వేరు, తర్వాత మనిషి వేరు. పాత కొలతలతో కొత్త జాకెట్టు కుట్టకూడదని మా ఆవిడే అంటుంది, ముందుగదిలో ఆమె కుట్టుమిషను ఇరవై ఏళ్లుగా తిరుగుతోంది.

సగటుని ఫిబ్రవరి నాలుగు నుంచి కొత్తగా మొదలెట్టాను. గడి పచ్చగా అయింది.

ఇది మోసం కాదు. నియమాల పుస్తకంలో జబ్బు తర్వాత సగటు మార్చుకోవచ్చనే ఉంది. ఎన్ని రోజుల తర్వాత అన్నది రాయలేదు.

ఫిబ్రవరి 11, బుధవారం

కొత్త బెల్టు ఇచ్చాను. పెట్టె విప్పి, పట్టీ నీళ్లతో తడిపి, దగ్గరుండి కట్టించాను. "పెళ్లికూతురికి వడ్డాణం పెట్టినట్టు చేస్తున్నావేంటి బావా," అని నవ్వింది.

ఫిబ్రవరి 12, గురువారం

కొత్త బెల్టూ అంతే. 231, పద్నాలుగు సెకన్లు. రెండూ ఒకే కంపెనీ సరుకు. ఒక తాను ముక్కలే కదా.

దువ్వాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఇవాళ ఏమీ రాలేదు. గీత దానంతటదే నున్నగా ఉంది. ఎంత హాయిగా అన్నం తిన్నానో.

ఫిబ్రవరి 16, సోమవారం

గెంతు పరీక్ష. చాప మీద నిలబడి మూడుసార్లు ఎగరాలి, ఎంత ఎత్తు ఎగిరారో చాపే చెప్తుంది. కాళ్లలో అలసట ఎంత పేరుకుందో దీన్ని మించి చూపించేది లేదు. అందరికీ ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయింది. మరదలికి నాలుగు తగ్గింది.

కోచ్ దగ్గరికి వెళ్లాను. ఈ వారం ఆమెకి పని తగ్గిద్దామన్నాను.

"ఎందుకు?"

"గెంతు తగ్గింది. అలసిపోయినట్టుంది."

"అలసిపోకపోతే దాన్ని శిక్షణ అనరు, షికారు అంటారు. గుండె ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"నాడి?"

"సగటు మీదే ఉంది."

"నీ కాగితం పచ్చగా ఉందా లేదా?"

"పచ్చగానే ఉంది."

"మరింకేంటయ్యా? నువ్వే పచ్చ అంటావు, నువ్వే ఆపమంటావు. నీ మాట మీద నీకే నమ్మకం లేకపోతే నేనేం చేసేది?"

నేను తవ్విన గోతిలో నేనే నిలబడి, పైనున్న వాణ్ని చెయ్యి అందించమంటే ఎలా ఉంటుందో అలా ఉంది. సాయంత్రం నాలుగు వందల మీటర్లు ఎనిమిదిసార్లు పరిగెత్తించాడు. మరదలు మార్కు ఆరంది.

ఫిబ్రవరి 18, బుధవారం

పోటీకి వేసుకోవాల్సిన నిక్కరు వదులుగా ఉందని మరదలు అక్కకి ఇచ్చింది. మా ఆవిడ టేపు నడుముకి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది. రెండంగుళాలు తగ్గింది. టేపు మెళ్లో వేసుకుని వంటగదిలోకి వచ్చింది.

"ఏమండీ, దీనికి అంతా బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"నిన్న మెట్లెక్కి వచ్చి సుద్దముక్క అడిగింది. అడగడానికి ముందు కాసేపు గోడ పట్టుకుని నిలబడింది."

"ముందురోజు సాయంత్రం ఎనిమిది రౌండ్లు పరిగెత్తిన మనిషి మర్నాడు మెట్ల దగ్గర ఆగదా?"

"ఏమో, నాకేం తెలుసు. మీరు రోజూ చూస్తున్నారుగా. అదే నా ధైర్యం," అంది. వెళ్లి నిక్కరు బిగించింది. మిషను చప్పుడు చాలాసేపు వినిపించింది.

నేను రోజూ చూస్తున్నాను. అది మాత్రం నిజం.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఇవాళ ఒక పని చేశాను. చెయ్యకుండా ఉండాల్సింది.

మరదలి బెల్టు తీసి, ఐదువేల మీటర్లు పరిగెత్తే రెండు జడల అమ్మాయికి కట్టాను. ఆ అమ్మాయి వేరే కంపెనీ బెల్టు మరదలికి కట్టాను. ఇద్దర్నీ పక్కపక్కనే పరిగెత్తమన్నాను. కిటికీలోంచి నాలుగు కాళ్లు ఆరుసార్లు వెళ్లాయి.

రెండు జడల అమ్మాయి గీత నూలుపోగులా సాఫీగా ఉంది. మరదలిది 226, పంతొమ్మిది సెకన్లు.

అంటే బెల్టు మంచిదే.

బెల్టు మంచిదైతే మిగిలింది ఒక్కటే. చదువుకున్నవాణ్ని, తెలియదని రాసుకుంటే నాకే నవ్వొస్తుంది. జ్వరం తర్వాత గుండెకి ఏదో పట్టుకుని ఉంటుంది. అలాంటివాళ్లు పరిగెడుతూ పడిపోతారు. పడిపోయిన వాళ్లందరూ ముందురోజు దాకా బాగానే ఉన్నవాళ్లే. నాకు భయంగా ఉంది.

ఒకటి మాత్రం ఉంది. ఆ రెండు జడల అమ్మాయి ఒళ్లు వేరు. చెమట ఎక్కువ. ఒక్కసారి చేసిన పరీక్షని పరీక్ష అనరు. కనీసం మూడుసార్లు చేస్తేనే లెక్క. మూడుసార్లు చేసే సమయం ఇప్పుడు లేదు.

ఫిబ్రవరి 21, శనివారం

దువ్వాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

డాక్టరు వచ్చే రోజు. అసలు గీతని, దువ్వనిదాన్ని, ప్రింటు తీశాను. ఏడు గంతులున్నాయి, ఏడింటికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని ఆయన గది బయట నిలబడ్డాను. పోటీ పోతే పోయింది, మనిషి ఉంటే చాలు అని పొద్దున మొహం కడుక్కుంటూ గట్టిగా అనుకున్నాను. మరదలు తిట్టుకుంటుంది, నెల రోజులు మాట్లాడదు, ఆ తర్వాత తనే వచ్చి బావా అంటుంది. ఆ నెల రోజులూ ఎలా గడపాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

లోపల కోచ్ గొంతు. నిరుటి పొడుగోడి కథ చెప్తున్నాడు. "డాక్టర్ గారూ, ఆ కుర్రాడి గుండె గుర్రంలా ఉందని మీ వాళ్లే తేల్చారు కదా! మా శకునపక్షి మాత్రం శ్మశానం దాకా సాగనంపేశాడు." డాక్టరు నవ్వాడు. మంచి మనిషే, ఎవరు జోకేసినా నవ్వుతాడు. తలుపు తెరుచుకుంది.

"ఏవయ్యా, ఏమైనా ఉందా?"

"లేదండీ. ఊరికే."

"నీ పిల్లలందరూ పచ్చగానే ఉన్నారుగా?"

"ఉన్నారండీ."

నా గదికి తిరిగొచ్చాను. ఇన్ని రోజులుగా గంతులేసిన గుండె ఇంకో నాలుగు రోజులు ఆగలేదా? పోటీ అయిన మర్నాడే నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను. నాలుగే రోజులు. ఈ నాలుగు రోజులూ పని కూడా తక్కువే.

ప్రింటు చింపేశాను. జేబులో ఉంటే మా ఆవిడ బట్టలు ఉతకబోతూ చూస్తుంది.

ఫిబ్రవరి 26, గురువారం

రాయడానికేమీ లేదు.

ఫిబ్రవరి 28, శనివారం

రెండో స్థానం! మరదలు రెండో స్థానంలో వచ్చింది!

నా గది వదిలి పైకి వెళ్లి గ్యాలరీలో మా ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుని మెలిపెడుతూనే ఉంది. మొదటి రెండు రౌండ్లు మరదలు నాలుగో స్థానంలో. మూడో రౌండు వెనక మలుపులో ఒక్క క్షణం వెనకబడింది. మనిషి మెట్టు తప్పినట్టుగా. ఇద్దరు ఆమెని దాటేశారు. నేను లేచి నిలబడిపోయాను. అందరూ కేకలేస్తున్నారు కాబట్టి ఎవరూ గమనించలేదు. ఆ తర్వాత మళ్లీ అందుకుని ఐదో స్థానానికి వచ్చింది. ఆఖరి వంద మీటర్లలో ఒకర్ని, ఇంకొకర్ని, గీత దగ్గర మూడో మనిషిని దాటింది.

గీత దాటాక అందరిలా పడుకోలేదు. రెయిలింగు పట్టుకుని నిలబడి నేలకేసి చూస్తోంది. పెదాల చుట్టూ తెల్లగా ఉంది. మా ఆవిడ పరిగెత్తుకెళ్లి వాటేసుకుంది. కోచ్ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. "ఆ మలుపులో ఊపిరి దాచుకుంది చూశావా? బుర్రున్న పిల్లయ్యా. ఇంకెవరైనా అయితే అక్కడే ఖర్చుపెట్టేసేవాళ్లు," అన్నాడు. అవునన్నాను. "ఇవాళ్టి నుంచి నిన్ను శకునపక్షి అనను పో," అన్నాడు.

రికార్డు దింపాను. వెనక మలుపులో 234. నలభై సెకన్లు.

అంతసేపు గంతేసి కూడా పరిగెత్తి గెలిచిందంటే, అది గుండెది అయ్యే అవకాశమే లేదు. నిజంగా గుండెదైతే పడిపోయేది. ఒక రకంగా ఇంతకన్నా పెద్ద పరీక్ష ఏ ఆసుపత్రిలోనూ ఉండదు.

మార్చి 1, ఆదివారం

మా ఆవిడ ఒక పెళ్లికూతురి బట్టలు ఇవ్వడానికి వెళ్లింది. మరదలూ నేనూ వంటగదిలో కాఫీ తాగుతున్నాం. గ్లాసు బల్ల మీద గుండ్రంగా తిప్పుతూ అంది:

"బావా, నవ్వకు. ఒక్కోసారి ఛాతీలో చేప ఎగిరినట్టు ఉంటోంది."

"ఎప్పటినుంచి?"

"జ్వరం తగ్గినప్పటినుంచి. నిన్న ఆ మలుపులో ఎగిరింది. కళ్లు చీకట్లు కమ్మాయి. కాళ్లు ఎక్కడున్నాయో తెలియలేదు."

"మరి రోజూ ఐదు, ఆరు అని చెప్పావెందుకే?"

"తొమ్మిది అనిపించేది. వెళ్లి గోడ మీద నీ కాగితం చూసేదాన్ని. నా గడి పచ్చగా ఉండేది. బావ రోజూ చూస్తున్నాడు, ఏదైనా ఉంటే ఇంట్లో మనిషికి చెప్పడా, నేనే భయపడి ఎక్కువ ఊహించుకుంటున్నా అనుకున్నా. అందుకే తగ్గించి చెప్పేదాన్ని."

నేను ఆమె చెప్పిన ఐదుని చూసి గంతులు దువ్వాను. ఆమె నేను పెట్టిన పచ్చని చూసి ఐదని చెప్పింది.

అప్పుడు చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. మొహంలో నిన్నటి గెలుపు ఇంకా పోలేదు, చూస్తే చెప్పబుద్ధి కాలేదు. ఇదంతా చెప్తే ముందు అడిగేది నీకెప్పటినుంచి తెలుసు బావా అనే కదా. దానికి జవాబు ఆరో తారీకు.

"పోటీ కంగారుకి అలాగే ఉంటుంది," అన్నాను. "మంగళవారం డాక్టరుకి ఒకసారి చూపిద్దాం, ఊరికే. ఈలోగా ఎప్పుడైనా అలా అనిపిస్తే ఆగి రెండు నిమిషాలు కూర్చో. తగ్గిపోతుంది. తగ్గాక పరిగెత్తుకో."

"రెండు నిమిషాలా?"

"రెండు చాలు."

ఆ మాట వినగానే మొహం తేటపడింది. మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లింది. మంగళవారం ఎల్లుండే. నా మనసు కూడా తేలికపడింది.

మార్చి 2, సోమవారం

పొద్దున ఆరింటికి కాలువ గట్టు మీదికి నెమ్మది పరుగుకి వెళ్లింది. నేను నిద్రలో ఉన్నాను. ఏడున్నరకి పాలమ్మే ఆయన వచ్చి తలుపు కొట్టాడు.

మార్చి 6, శుక్రవారం

గుండె కండరానికి వాపట. జ్వరంతో మొదలై ఉంటుందట, నాలుగైదు వారాలది. ఆసుపత్రి డాక్టరు చిన్నవాడు. మాట్లాడేటప్పుడు నా మొహం కాకుండా నా చొక్కా బొత్తాం వైపు చూశాడు. ఇలాంటివి చాలాసార్లు ముందు తెలియవండీ అన్నాడు. విశ్రాంతిగా ఉన్నవాళ్లకి నెలల్లో అదే తగ్గిపోతుందని కూడా అన్నాడు.

మా ఆవిడ అక్కడే ఉంది.

మార్చి 11, బుధవారం

క్లబ్బు కమిటీ పిలిచింది. ఐదు వారాల కాగితాలు అడిగారు. దువ్వినవి ఇచ్చాను. వేరేవి ఉన్నాయా అని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్నే. ముందస్తు సూచనలేవీ కనిపించలేదని రాసుకుని, నాకు సానుభూతి తెలిపారు.

బయట కోచ్ ఏడ్చాడు. ఈల పీకి జేబులో కుక్కుకుని నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. "వారం తగ్గిద్దామని నువ్వన్నావు, నేనే వినలేదు. పాపం నాది, నీ తప్పేం లేదు," అన్నాడు. నేను అతని వీపు నిమిరాను. కాదని అనలేదు. ఎంత నీచుడినో ఆ క్షణంలో నాకు తెలుసు, అయినా నిమురుతూనే ఉన్నాను.

మార్చి 17, మంగళవారం

ఆసుపత్రి వాళ్లిచ్చిన కవరు ఇన్నాళ్లూ కుట్టుమిషను మీదే ఉంది. ఇవాళ మధ్యాహ్నం మా ఆవిడ దాన్ని విప్పింది. వాచీ, బెల్టు, జుట్టుకి పెట్టుకునే రబ్బరు. వాచీ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇందులో ఆ రోజుది ఉంటుందా?"

ఉంటుందన్నాను.

"చూపించండి."

"వద్దు. నీకేం అర్థం కాదు అందులో."

"మీరు చెప్పండి, అర్థం చేసుకుంటాను. నా చెల్లెలు చివరిసారి ఏం చేసిందో నాకు తెలియాలి."

కంప్యూటర్ తెచ్చి వంటగది బల్ల మీద పెట్టాను. పన్నెండేళ్లలో మొదటిసారి ఒక రికార్డుని ఇంకొకరి పక్కన కూర్చుని తెరిచాను. పైన గుండె గీత, కింద పరుగు గీత. మా ఆవిడ కొలత చూసేటప్పటిలా ముందుకు వంగింది. బట్ట మీద సుద్దగీత వెంట పోయినట్టు వేలు పెట్టి చదువుకుంటూ పోయింది. నేను నిమిషాలు చెప్తూ పోయాను.

పది నిమిషాల దాకా అంతా బాగుంది. పదకొండో నిమిషంలో 233. పరుగు గీత వెంటనే సున్నాకి పడింది.

"ఇక్కడ పడిపోయిందా?"

"లేదు. ఆగింది. కూర్చుంది."

వేలు కదిలింది. గుండె 190కి దిగింది. 150. 118. 97. మా ఆవిడ ఊపిరి వదిలింది, ఇంకా ఏదో కాపాడుకోవచ్చన్నట్టు. ఆ తర్వాత పరుగు గీత మళ్లీ పైకి లేచింది. ముప్పై ఐదు సెకన్లు పరిగెత్తింది. అక్కడితో అయిపోయింది.

"కూర్చుంటే తగ్గిందిగా," అంది మా ఆవిడ. "తగ్గిందిగా. ఇల్లు పక్కనే. ఇంటికి రాకుండా మళ్లీ ఎందుకు లేచిందండీ?"

చెప్పాను. ఆదివారం ఈ బల్ల దగ్గరే కాఫీ తాగుతూ నేను ఏమన్నానో చెప్పాను. ఆరో తారీకు నుంచి ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాను. కొత్త బెల్టు, మార్చిన సగటు, రెండు జడల అమ్మాయి, చింపేసిన ప్రింటు, కమిటీకి ఇచ్చిన కాగితాలు. చెప్తుంటే గొంతు మామూలుగానే ఉంది, అదే నాకు అసహ్యం వేసింది. ఆమె నా వైపు చూడలేదు. వేలు మాత్రం ఆ రెండు గీతల మధ్య, మరదలు కూర్చున్నంత మేరా, అటూ ఇటూ మెల్లగా తిరుగుతోంది.

"ఇది ఎంతసేపు?" అని అడిగింది.

చూశాను. "రెండు నిమిషాల మూడు సెకన్లు."

"లెక్కపెట్టుకుంటూ కూర్చుని ఉంటుంది," అంది.